ఫొటోలో పడని పని

తణుకులో డిగ్రీ చదివే పిల్లలకు పని రాదని మొట్టమొదట కనిపెట్టినవారు డాక్టర్ ధూళిపూడి చక్రపాణి గారు. అంతకు ముందు ఆ సంగతి ఎవరికీ తెలియదని కాదు. పిల్లలకు తెలుసు, తల్లిదండ్రులకు తెలుసు, ఉద్యోగం అడిగితే "కబురు చేస్తాంలే" అన్న షాపుల వాళ్ళందరికీ తెలుసు. కానీ తెలియడం వేరు, కనిపెట్టడం వేరు. కనిపెట్టినందుకు కాలేజీవారు ఆయనకు ఒక గది, గదికి ఒక ఏసీ, తలుపు మీద 'అనుభవ విభాగం, డైరెక్టరు' అని ఇత్తడి అక్షరాల బోర్డు ఇచ్చారు.

బోర్డు వచ్చాక విభాగానికి పని కావాలి కదా. ఆఖరి సంవత్సరం పిల్లలంతా రెండు వారాలు ఏదో ఒక ఆఫీసులో పని నేర్చుకుని రావాలనీ, అలా రానివాళ్ళకు డిగ్రీ రాదనీ ఆయన నియమం పెట్టారు. మంచి నియమమే. మొదటి ఏడాది పిల్లలందరూ శ్రద్ధగా సర్టిఫికెట్లు తెచ్చి ఇచ్చారు. సగం క్లాసు ఒకే నూనె మిల్లులో అనుభవం సంపాదించింది. ఆ మిల్లు యజమానిని సత్కరిద్దామని చక్రపాణి గారు శాలువా పట్టుకుని వెళ్తే, మిల్లు ఉండాల్సిన చోట కల్యాణమండపం ఉంది. లోపల ఎవరిదో పెళ్ళవుతోంది. తెచ్చిన శాలువా పెళ్ళికొడుకుకు కప్పి, భోజనం చేసి వచ్చేశారు.

ఆ పరాభవంలోంచి పుట్టిందే కొత్త సర్క్యులరు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, అనుభవము అనునది కంటికి కనబడవలెను. విద్యార్థి పనిచేయుచున్న ఛాయాచిత్రమును గంటకొక పర్యాయము విభాగపు పోర్టల్ నందు సమర్పించవలెను. సదరు ఛాయాచిత్రమునందు విద్యార్థి, మార్గదర్శి, సంస్థ బోర్డు, చేయుచున్న పని స్పష్టముగా గోచరించవలెను. స్థలము, సమయము దానిపై ముద్రితమై ఉండవలెను. ఛాయాచిత్రము లేని పని పనిగా పరిగణింపబడదు."

ఈ చివరి వాక్యం ఆయనకే ఎంతో నచ్చింది. ఫ్రేము కట్టించి గదిలో తగిలించుకున్నారు.

చెల్లుబోయిన ప్రసూనకు మాత్రం సర్క్యులరులో నచ్చింది వేరే. అనుబంధంలో తన పేరుకు ఎదురుగా ఆకెళ్ళ వెంకటరత్నం గారి ఆడిట్ ఆఫీసు పడింది. వాళ్ళ నాన్న కొబ్బరికాయల లారీ నడుపుతాడు. అమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. మూడేళ్ళుగా ప్రసూన డెబిట్టు, క్రెడిట్టు అని చదువుతోంది, రాస్తోంది, మంచి మార్కులు తెచ్చుకుంటోంది. కానీ ఆ రెండింటినీ ఎవరైనా నిజంగా వాడుతుండగా చూడలేదు. ఈత గురించి పుస్తకం బట్టీ పట్టినవాడికి కాలువ చూపిస్తామన్నట్టుగా అనిపించింది. ముందు రోజే చున్నీ ఇస్త్రీ చేసుకుంది.

వెంకటరత్నం గారి ఆఫీసు మందుల షాపు మీద మేడ. ఊళ్ళో పాతుకుపోయిన ఆడిటరు. ఏ కాగితమైనా కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చదువుతారు. ఆయన దగ్గర పాత గుమాస్తా జగ్గారావు. పన్ను రిటర్నుల గడువు దగ్గర పడుతున్న రోజులు కావడంతో ఇద్దరికీ తల గోక్కోవడానికి తీరిక లేదు.

"అమ్మాయ్, ఇదిగో, ఈ బిల్లులు ఏ నెలవి ఆ నెలకి సర్దు. ఏదైనా అర్థం కాకపోతే అడుగు. సిగ్గుపడకు," అన్నారు వెంకటరత్నం గారు, ఒక సంచీ ఆమె ముందు పెట్టి.

ప్రసూన సంచీ విప్పింది. నిజం బిల్లులు. ఒకదాని మీద నూనె మరక కూడా ఉంది. ఆమె మనసు నిండిపోయింది. సగం సర్దేసరికి ఫోన్ మోగింది. ఫొటో వేళయింది.

"సార్, ఒక్క ఫొటో తీసుకోవాలండి. మీరూ, నేనూ, పనీ, బోర్డూ పడాలండి."

"బోర్డు బయట బాల్కనీ గోడకి ఉందిగా!"

"అదేనండి."

జగ్గారావు బుర్ర పాదరసం. "దానికేముందండి, బల్ల బయటికి తెచ్చేద్దాం!" అన్నాడు. బల్ల బాల్కనీలోకి వచ్చింది. బిల్లులు సర్దుతున్నట్టు ప్రసూన వంగింది, మార్గదర్శనం చేస్తున్నట్టు వెంకటరత్నం గారు వేలు చూపించారు. గోస్తనీ కాలువ మీంచి ఒక మంచి గాలి వచ్చింది. ఏ బిల్లులు ఏ నెలవో మళ్ళీ ఎవరికీ తెలియకుండా పోయాయి. కొన్ని మందుల షాపు ముందు, కొన్ని రోడ్డు మీద. మూడు నెలల అమ్మకాలు ఆవు తిన్నదేమోనని జగ్గారావుకు ఇప్పటికీ అనుమానం.

మర్నాడు వడ్రంగిని పిలిచి బోర్డునే ఊడదీసి లోపల గోడకు కొట్టించారు. ఫొటో సమస్య తీరింది. బయట బోర్డు లేకపోవడంతో కొత్తగా వచ్చేవాళ్ళు ఆఫీసు ఏదో తెలియక పక్కనున్న పళ్ళ డాక్టరు దగ్గర కూర్చోసాగారు. పన్ను సంగతి చూడాలండీ అని అడిగిన ఒక పెద్దమనిషికి ఆయన పన్ను సంగతి చూసి పంపించేశాడు.

అంత చేసినా పోర్టల్ ఫొటోను తిప్పికొట్టింది. 'మార్గదర్శి ముఖమునందు ఆసక్తి కానరాలేదు.'

వెంకటరత్నం గారిది నలభై ఏళ్ళుగా లెక్కలు చూస్తున్న ముఖం. అందులో ఆసక్తి ఉంటే ఎవరు నమ్ముతారు? అయినా కాలేజీ ఆయనను 'పారిశ్రామిక గురువు'గా గుర్తించి, చిన్న సభ చేసి, బొకే ఇచ్చింది. గుర్తింపు వచ్చాక ముఖం దాచుకోవడం భావ్యం కాదు. ఆయన ఇంటి నుంచి కోటు తెప్పించుకున్నారు. గంట కొట్టగానే కోటు తొడుక్కుని, కళ్ళజోడు కిందికి దించి, బిల్లు వంక చూసి చిరునవ్వు నవ్వడం అలవాటు చేసుకున్నారు. ఎదురుగా కూర్చున్న ఖాతాదారులు ఆ నవ్వు చూసి, తమ లెక్కల్లో ఏదో దొరికిపోయిందనుకుని హడలిపోయేవారు.

తర్వాత ఇంకో చిక్కు. ఖాతాదారుల కాగితాలు పరాయివాళ్ళ కంట పడకూడదు. అది ఆడిటరు ధర్మం. అందుకని బల్ల మీద తెల్లకాగితాలు పెట్టి, కంప్యూటరు ఆర్పి ఫొటో తీశారు. పోర్టల్ వెంటనే పట్టేసింది. 'పని గోచరించుట లేదు.'

"కాగితం కనపడితే తప్పు, కనపడకపోతే తప్పు. ఏం చెయ్యమంటాడయ్యా?" అన్నారు వెంకటరత్నం గారు.

"ఎవరివీ కాని లెక్కలు ఉంటే బాగుండునండి," అంది ప్రసూన, ఉత్తినే.

జగ్గారావు లేచి నిలబడ్డాడు. "అమ్మా, నీ నోట్లో పంచదార పొయ్యా! ఉత్తుత్తి కంపెనీ ఒకటి పెట్టేద్దామండి. దాని లెక్కలు ఎవడు చూస్తే మనకేంటి? శిక్షణ కోసం అని రాసుకుందాం."

పేరు కోసం కాసేపు ఆలోచించారు. ధనలక్ష్మి, మహాలక్ష్మి, వరలక్ష్మి అప్పటికే ఊళ్ళో వ్యాపారంలో ఉన్నారు. చివరకు 'శ్రీ శూన్యలక్ష్మి ట్రేడర్స్' అని ఖాయమైంది. కొబ్బరిపీచు టోకు వ్యాపారం. చిరునామా కావాలంటే, జగ్గారావు తన స్కూటరు పెట్టుకునే వెనకవైపు ఖాళీ స్థలంలోకి వెళ్ళి, అక్కడ నిలబడి 'ఇదే మా స్థలం' అని ఫోన్‌లో మీట నొక్కి వచ్చాడు. ఆ స్థలం కోసం ఇద్దరు అన్నదమ్ములు కోర్టుకెక్కి ఉన్నారు. వాళ్ళు ఎవరూ అటు రారు. పగలు గేదెలు, సాయంత్రం క్రికెట్టు.

ఆనాటి నుంచి ప్రసూన పొద్దున్నుంచీ సాయంత్రం దాకా శూన్యలక్ష్మి లెక్కలు రాసింది. లేని పీచు కొన్నది, లేని లారీలో ఎక్కించింది, లేని ఊరికి అమ్మింది. ఫొటోలు దివ్యంగా వచ్చాయి. అసలు బిల్లుల సంచీ మూల నుంచి ఆమె వంక చూస్తూనే ఉంది.

"జగ్గారావు గారూ, ఇది నేను కాలేజీలోనే చేశానండి. లెక్కల పుస్తకంలో రాముడు సోముడికి అమ్మాడు అని ఉంటుంది. అదే ఇది. నాకు ఆ సంచీ ఇవ్వండి," అని అడిగింది ఒకరోజు.

"ఫొటోకి పనికిరాదమ్మా అది. నీ డిగ్రీ పోద్ది. మా దగ్గరికి వచ్చి పాడైపోయిందన్న మాట మాకెందుకు?" అన్నాడు జగ్గారావు. చెడ్డవాడు కాదు. నిజంగానే ఆమె బాగు కోరి అన్నాడు.

పోర్టల్ అంతటితో ఊరుకోలేదు. 'విద్యార్థి సేవల పట్ల ఖాతాదారుని సంతృప్తి' అని ఒక గడి తెరిచింది. శూన్యలక్ష్మి యజమాని సంతృప్తి చెందాలి. కాబట్టి యజమాని ఉండాలి. జగ్గారావు తన ఫోన్ నంబరు ఇచ్చి, "అత్యంత తృప్తికరం. ఇంత చక్కగా మా లెక్కలు ఎన్నడూ లేవు" అని రాశాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

అక్కడ చక్రపాణి గారి గదిలో ఈ మాట చదవగానే సంబరం. ఇన్నాళ్ళకు ఒక పరిశ్రమ కాలేజీని మెచ్చుకుంది. ఆయన స్వయంగా ఫోన్ చేశారు.

"శ్రీ శూన్యలక్ష్మి ట్రేడర్స్ అధినేత గారేనాండీ? రేపు మా కళాశాలలో పరిశ్రమ-విద్యారంగ సమ్మేళనం ఏర్పాటైంది. తాము విచ్చేసి మీ వ్యాపార ప్రస్థానంపై నాలుగు ముక్కలు సెలవివ్వాలి."

జగ్గారావు ఫోన్‌కు అరచెయ్యి అడ్డం పెట్టి వెంకటరత్నం గారి వంక చూశాడు. ఆయన కోటు విప్పి ఇచ్చారు.

సమ్మేళనంలో జగ్గారావు వెనకవరసలో కూర్చుని తప్పించుకుందామనుకున్నాడు. వేదిక మీదికి లాక్కెళ్ళారు. "మీ సంస్థ విజయరహస్యం ఏమిటి?" అని అడిగారు చక్రపాణి గారు.

"రహస్యం ఏముందండి," అన్నాడు జగ్గారావు, చెమట తుడుచుకుంటూ. "మాకింతవరకూ నష్టమన్నది తెలీదండి. సరుకు పాడవడం అంటూ లేదు. కొన్నవాడెవడూ బాగోలేదని వెనక్కి పంపలేదు. పనివాళ్ళు ఒక్కనాడు కూడా సమ్మె చెయ్యలేదండి."

హాలు చప్పట్లతో మార్మోగిపోయింది.

"మరి కాలుష్యం?" అడిగారొక మేడమ్.

"ఒక్క రేణువు ఉంటే చూపించండమ్మా."

ఆ సాయంత్రమే కాలేజీకీ శూన్యలక్ష్మికీ అవగాహనా ఒప్పందం కుదిరింది. శూన్యలక్ష్మికి 'ఆదర్శ పరిశ్రమ' అని ఒక జ్ఞాపిక ఇచ్చారు. యజమానిని కామర్సు సిలబస్ కమిటీలో వేశారు. జగ్గారావు జ్ఞాపిక తెచ్చి ఆఫీసు బీరువా మీద పెట్టాడు. వెంకటరత్నం గారు దాన్ని కళ్ళజోడు ఎత్తి చూశారు, దించి చూశారు. "ఇన్నేళ్ళ నా ఆఫీసుకి ఒక్కటి ఇవ్వలేదు," అన్నారు చివరకు.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం తెల్లటి మైదా మరకల చొక్కాతో ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. పితాని సత్తిరాజు. ఊళ్ళో రస్కుల బేకరీ ఆయనదే. చేతిలో ఫోన్, ఫోన్‌లో పన్నుల ఆఫీసు నోటీసు.

"బాబుగారూ, మా రిజిస్ట్రేషన్ తీసేత్తారంటండి. ఇవ్వాళే ఆఖరంట. నాకు ఇంగ్లీషు రాదు. మా బావమరిది చదివి ఇప్పుడు చెప్పాడండి."

వెంకటరత్నం గారు కోటులో ఉన్నారు. జగ్గారావు ఫొటో తీస్తున్నాడు. "ఒక్క నిమిషం సత్తిరాజూ, కూర్చో. నవ్వు పోతే మళ్ళీ రాదు," అన్నారాయన. ఆ ఫొటోను పోర్టల్ తిప్పికొట్టింది. మళ్ళీ తీశారు. ఈలోగా ఇంకో ఖాతాదారుడు వచ్చి ఆయన్ను పట్టుకున్నాడు. జగ్గారావుకు సిలబస్ కమిటీ నుంచి ఫోన్ వచ్చింది.

సత్తిరాజు బల్ల చివర ఊరికే కూర్చున్నాడు. మైదా అంటిన వేళ్ళు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాడు. ప్రసూన లేని లారీకి కిరాయి రాస్తూ ఆయన వంక రెండుసార్లు చూసింది. తర్వాత కలం మూసింది.

"ఏదండీ, ఓసారి చూపించండి," అంది.

నోటీసులో ఉన్నది చిన్న సంగతే. ఇచ్చిన చిరునామాకు అధికారులు వెళ్ళారు, అక్కడ వ్యాపారం ఏమీ లేదు. కాబట్టి రిజిస్ట్రేషన్ ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమన్నారు.

"అక్కడ బేకరీ లేదాండి?"

"రోడ్డు వెడల్పు చేస్తే ముందు భాగం కొట్టేశారమ్మా. పొయ్యి ఎక్కడ పెట్టనూ? పక్క వీధిలోకి మార్చాం. అదే పేరు, అదే పనోళ్ళు. ఆస్పత్రికీ, హాస్టళ్ళకీ మావే రస్కులు. రిజిస్ట్రేషన్ లేకపోతే వాళ్ళు తీసుకోరు కదమ్మా. మా దగ్గర చేసేవోళ్ళందరూ ఆడోళ్ళే. ఇళ్ళకి పంపెయ్యాలి."

"మారిన సంగతి వాళ్ళకి రాసి ఇచ్చారా?"

"రస్కుల ప్యాకెట్ల మీద కొత్త అడ్రసు కొట్టించానమ్మా. ఇంకెవరికి చెప్పాలి?"

ప్రసూనకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకుని, "కరెంటు బిల్లు కొత్తింటి పేరు మీద ఉందా? అద్దె కాగితం? రోడ్డుకి కొట్టేసినప్పుడు మునిసిపాలిటీ ఇచ్చిన కాగితం?" అని అడిగింది. అన్నీ ఉన్నాయి, బేకరీలో, రస్కుల డబ్బా కింద. ఆయన మోపెడ్ మీద ఆమె వెళ్ళింది. పొయ్యి వేడిలో నిలబడి ఒక్కొక్క కాగితం తన ఫోన్‌తో ఫొటో తీసింది. పొయ్యినీ, అట్టపెట్టెలు కడుతున్న ఆడవాళ్ళనూ, గుమ్మం మీది పేరునూ కూడా తీసింది. ఆఫీసుకు తిరిగి వచ్చి జవాబు రాయడం మొదలుపెట్టింది. మొదటిది మరీ వ్యాసంలా వచ్చింది, కొట్టేసింది. రెండోదాంట్లో తేదీ తప్పు పడింది. ఎలా ఉండాలో తెలియక బీరువాలోంచి పాత జవాబులు తీసి చూసింది.

మధ్యలో ఆమె ఫోన్ గంట కొట్టింది. కొట్టి ఊరుకుంది. మళ్ళీ కొట్టింది.

"పాపా, ఫొటో!" అని కేకేశాడు జగ్గారావు.

"ఉండండి జగ్గారావు గారూ, ఫోన్‌లో కాగితాలు ఎక్కుతున్నాయి. ఇప్పుడు ఆపితే మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించాలి."

సాయంత్రానికి జవాబు తయారైంది. వెంకటరత్నం గారు కోటు కుర్చీకి తగిలించి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చదివారు. ఒకచోట మాట మార్చారు. ఇంకోచోట మార్చబోయి ఆగారు.

"ఇది ఎవరు చెప్పారు నీకు, అద్దె కాగితం ముందు పెట్టమని?"

"ఎవరూ చెప్పలేదండి. చదివేవాడికి ముందు అదే కావాలి కదా అనిపించిందండి."

ఆయన కాగితం తిరిగి ఆమె చేతికిచ్చారు. జవాబు పంపించమని తల ఊపారు. కొద్ది రోజులకు పన్నుల ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, కొత్త బేకరీ చూసి, ఒక రస్కు తిని, నోటీసు ఉపసంహరించాడు. సత్తిరాజు అట్టపెట్టె నిండా రస్కులు పంపాడు. ప్రసూన వాటిలో ఒకటి తిని, మిగతావి ఇంటికి పట్టుకెళ్ళి, అమ్మకు ఆ జవాబు కథంతా చెప్పింది. మధ్యమధ్యలో అమ్మ మిషన్ ఆపి విన్నది.

కానీ పోర్టల్‌లో ఆ మధ్యాహ్నం ఎర్రరంగు పడింది. 'గైర్హాజరు.' నియమం ప్రకారం అనుభవం అవిచ్ఛిన్నంగా ఉండాలి. మధ్యలో తెగిన అనుభవం మొత్తం రద్దు.

జగ్గారావు ఆదుర్దా పడ్డాడు. "ఏం కంగారు లేదు పాపా. ఆ రోజు వేసుకున్న చుడీదారే వేసుకురా. ఫోన్‌లో టైము వెనక్కి తిప్పి ఫొటోలు కొట్టేద్దాం. నేను చూసుకుంటాగా."

ప్రసూన తల అడ్డంగా ఊపింది. "వద్దండి," అంది. "అన్నిట్లోకీ ఆ మధ్యాహ్నం ఒక్కటే నిజంగా పని చేశానండి. దానికి కూడా దొంగ ఫొటో పెడితే ఇంక నాకేం మిగుల్తుంది?"

అనుభవ మౌఖిక పరీక్షలో చక్రపాణి గారితో పాటు ఇంకో ఇద్దరు కూర్చున్నారు.

"ఈ వేళప్పుడు నువ్వెక్కడున్నావమ్మా?" అని అడిగారు చక్రపాణి గారు, ఎర్రరంగు పడిన మధ్యాహ్నం మీద వేలు పెట్టి.

"పని చేస్తున్నానండి."

"ఛాయాచిత్రం ఏదీ?"

"పని చేస్తున్నానండి. అందుకే తియ్యలేదండి." ఆమె ఫోన్ తీసి చూపించింది. "ఇదుగోండి, బేకరీ ఫొటోలు, కాగితాల ఫొటోలు. వాళ్ళ రిజిస్ట్రేషన్ నిలబడిందండి."

చక్రపాణి గారు ఫొటోలన్నీ ఓపికగా చూశారు. "పొయ్యి ఉంది. కరెంటు బిల్లు ఉంది. స్త్రీ మూర్తులు ఉన్నారు. వీటిలో నువ్వెక్కడున్నావు?"

"నేను తీస్తున్నానండి."

"అదీ సంగతి," అన్నారాయన, కేసు తేలిపోయినట్టు పక్కవారి వంక చూసి. "విద్యార్థిని యొక్క అనుభవమునందు విద్యార్థిని గోచరించుట లేదు."

ఫెయిల్. డిగ్రీ ఆపారు. వేసవిలో ఎంకాం ప్రవేశ పరీక్షకు కట్టుకుందామనుకున్నది, ఆగిపోయింది. ఇంట్లో అమ్మ కళ్ళు తుడుచుకుని, "ఆ ఫొటో ఏదో కొట్టేసుకుంటే పోయేదిగా, ఊరందరికీ లేని పట్టుదల నీకెందుకే?" అంది. నాన్న లారీ మీద వెళ్తూ, "ఆ రస్కులాయన ఎదురుపడి దణ్ణం పెట్టాడే నాకు," అన్నాడు.

శిక్షలో దయ కూడా ఉంది. నెల రోజులు మళ్ళీ అనుభవం పొందితే ఉత్తీర్ణత. ఈసారి చిన్నచిన్న ఆఫీసులు కాదు, ఉన్నత ప్రమాణాలు గల ఆదర్శ పరిశ్రమలో. విభాగం ఉత్తర్వు ఇచ్చింది. ప్రసూనను శ్రీ శూన్యలక్ష్మి ట్రేడర్స్‌కు కేటాయించడమైనది.

ఉత్తర్వు చూసి జగ్గారావు కుర్చీలో కూలబడ్డాడు. వెంకటరత్నం గారు మాత్రం చాలా సేపు కిటికీలోంచి వెనకవైపు స్థలాన్ని చూశారు. గేదె ఒకటి నెమరు వేస్తోంది.

"అమ్మాయ్," అన్నారు, "పోర్టల్‌కి కావలసింది ఆ స్థలంలో గంటకొక ఫొటో. అంతేగా?"

"అంతేనండి."

"వెళ్ళి నిలబడు, ఫొటో దిగు, పైకి రా. మిగతా వేళ ఇక్కడ కూర్చుని పని నేర్చుకో. జీతం నేనిస్తాను. ఎంకాం వచ్చే ఏడు చూసుకుందాం. ఇంక నేను కోటు వేసుకోను. ఆ బోర్డు కూడా బయట పెట్టించెయ్ జగ్గారావూ."

అలా మొదలైంది. ఏ వేళకా వేళ ప్రసూన మెట్లు దిగి, గేదె పక్కన నిలబడి, యజమాని జగ్గారావుతో ఫొటో దిగి, పైకి వచ్చి నిజం సంచీల్లో చెయ్యి పెట్టేది. ఫొటోల్లో ఒక్కటి కూడా తిరిగి రాలేదు. గేదె ఉన్న ఒక ఫొటోకు 'క్షేత్రస్థాయి వాతావరణం ప్రశంసనీయం' అని వ్యాఖ్య వచ్చింది.

ఆదర్శ పరిశ్రమలో ఖాళీలున్నాయని తెలిసి తర్వాతి జట్టు పిల్లలు కూడా శూన్యలక్ష్మినే కోరుకున్నారు. చక్రపాణి గారు కాదనలేదు. ఒక పొద్దున జగ్గారావు కిటికీలోంచి చూస్తే స్థలం నిండా పిల్లలు, మెళ్ళో గుర్తింపు కార్డులతో. ఎండకు ఆగలేకపోతున్నారని జగ్గారావు షామియానా వేయించాడు. నిలబడలేకపోతున్నారని కుర్చీలు తెప్పించి అద్దెకిచ్చాడు. జిరాక్సు షాపతను వచ్చి ఫొటోకు మాత్రం ల్యాప్‌టాప్ అద్దెకిచ్చాడు. టీ బండి వచ్చింది, బజ్జీల బండి వచ్చింది. కేసులో ఉన్న అన్నదమ్ములు ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి చూసి, స్థలం విలువ పెరిగిందని రాజీ మాటలు మొదలుపెట్టారు. గేదెలు మాత్రం కొత్త చోటు వెతుక్కున్నాయి.

ఒక సాయంత్రం కుర్చీల అద్దె జేబులో వేసుకుంటున్న జగ్గారావును ప్రసూన ఆపింది.

"దీనికి లెక్క రాస్తున్నారాండి?"

"లేని కంపెనీకి లెక్కేంటి పాపా?"

"ఇప్పుడు ఉందిగా అండి. అద్దె వస్తోంది, బిల్లు లేదు. రేపు ఎవరైనా అడిగితే సార్ పేరు పోతుంది. మీరు రాయకపోతే నేను రాసేస్తాను."

జగ్గారావు ఆమె ముఖం వంక చూసి, జేబు ఖాళీ చేశాడు. శూన్యలక్ష్మికి ఆ రోజు మొదటి నిజమైన పద్దు పడింది. రాసింది ప్రసూనే.

నెల తిరిగింది. కాలేజీ వార్షికోత్సవంలో అనుభవ విభాగం ఫలితాలు ప్రకటించింది. ప్రథమ స్థానం చెల్లుబోయిన ప్రసూనది. ఫొటోల సంఖ్యలో, స్పష్టతలో, క్రమశిక్షణలో ఆమెకు సాటి లేరని చక్రపాణి గారు మైకులో చెప్పి, ఒకప్పుడు ఫెయిలైన ఈ అమ్మాయిని తమ విభాగం ఎలా తీర్చిదిద్దిందో వివరించి, శాలువా కప్పారు. వేదిక కింద మొదటి వరుసలో వెంకటరత్నం గారు, ఆయన పక్కన ఆదర్శ పరిశ్రమ అధినేత. ఇంకాస్త వెనక ప్రసూన అమ్మానాన్నలు, కొత్త బట్టల్లో బిగుసుకుని కూర్చున్నారు.

"చిరంజీవి ప్రసూనా, శూన్యలక్ష్మిలో గడిపిన ఈ నెల రోజుల్లో ఏమి నేర్చుకున్నావో నీ తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ చెప్పమ్మా."

మైకు ఆమె చేతికిచ్చారు. ప్రసూన ఎదురుగా ఉన్న పిల్లల వంక చూసింది. రేపో మాపో షామియానా కిందికి వచ్చేవాళ్ళు. తర్వాత నిజమే చెప్పింది.

"నిలబడటం నేర్చుకున్నానండి."

హాలంతా చప్పట్లు. చక్రపాణి గారి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆయన మైకు లాక్కుని, "విన్నారా! తన కాళ్ళ మీద తాను నిలబడటం! ఒక్క మాటలో విభాగపు ఆశయమంతా చెప్పింది! వచ్చే విద్యాసంవత్సరానికి ఇదే మన నినాదం!" అని ప్రకటించారు. అక్కడికక్కడే ఒక మేడమ్ దాన్ని డైరీలో రాసుకున్నారు.

ప్రసూన మెట్లు దిగి వచ్చి వెంకటరత్నం గారి పక్క కుర్చీలో కూర్చుంది. చప్పట్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి.

"నువ్వన్నదేంటో వాళ్ళకి అర్థం కాలేదమ్మాయ్," అన్నారాయన, ఆమె వైపు వంగి.

"కాకపోవడమే మంచిదండి," అంది ప్రసూన శాలువా మడతపెడుతూ. "అర్థమైతే మళ్ళీ మొదట్నుంచీ చేయిస్తారు."